మొరగని కుక్కతో కాళేశ్వరం దాకా

నాకు కుక్కలంటే భయం. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. జనగామలో మా వీధి మొదట్లో పడుకునే ముసలి కుక్కకు పళ్లు కూడా సరిగ్గా లేవు. అయినా దాన్ని తప్పించుకోవడానికి ఏళ్ల తరబడి వెనక సందులోంచి తిరిగి ఆఫీసుకు వెళ్తున్నాను. అలాంటి నేను మొన్న కార్తీకంలో మూడు రోజులు ఒక కుక్క వెంట తిరిగి వచ్చానంటే మా ఆఫీసులో ఇంకా ఎవరూ నమ్మడం లేదు. నమ్మనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఆ కుక్క పేరు జొన్నమ్మ. జొన్నరొట్టె రంగు కాబట్టి ఆ పేరు. అది మా ఆఫీసు టెలిఫోన్ ఆపరేటర్ స్వరూపది. చిన్నప్పుడు జ్వరం వచ్చి స్వరూపకు చూపు పోయింది. పదేళ్ల పాటు బస్టాండు నుంచి ఆఫీసు మెట్ల దాకా నా చెయ్యి పట్టుకునే నడిచింది. ఏడాదిన్నరగా నా చెయ్యి ఖాళీ. ఇప్పుడు ఆమె చేతిలో ఉండేది జొన్నమ్మ మెడతాడు.

జొన్నమ్మను తయారు చేసింది జఫర్‌గఢ్‌లో గొర్లు కాసే మల్లయ్య తాత. నిజానికి అది ఆయనకు పనికిరాని కుక్క. పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా మొరగలేదట. మంద మీదికి తోడేలు వచ్చినా కూర్చుని చూస్తుందట. కానీ గుంత వచ్చినా, గట్టు తెగినా, మెట్టు వచ్చినా అక్కడే ఆగిపోతుంది. ఆగితే ఇక ఈడ్చినా కదలదు. "గొర్లకు అక్కరకు రాదు గని బిడ్డా, నీకొస్తది" అని, నెల రోజులు పొలం గట్ల మీద తాడు కట్టి తిప్పి, స్వరూప చేతిలో పెట్టాడు.

కాళేశ్వరం ఆలోచన స్వరూపదే. చిన్నతనంలో ఒకసారి ఆమెను తీసుకెళ్లారట. నలుగురు ఆడవాళ్లు రెక్కలు పట్టుకుని నీళ్లలో ముంచి లేపారు. "నాకు గోదారి యాదికి లేదక్కా, నలుగురి చేతులే యాదికున్నయి" అంది నాతో. "ఒక్కపారి ఎవ్వరి చెయ్యి వట్టకుంట నీళ్లల్లకు నడిచిపోవాలె. దిగాలె. మల్ల నేనే బయటికి రావాలె."

"మరి నేనెందుకే?" అని అడిగాను.

"ముచ్చట్లకు."

జనగామ స్టేషన్

తెలంగాణ ఉద్యమం రోజులు కాబట్టి ఏ బండి ఎప్పుడు ఆగుతుందో చెప్పేవాళ్లు లేరు. ఆ రోజు ప్యాసింజరు మాత్రం వచ్చింది. వస్తూనే గార్డు మమ్మల్ని ఆపాడు.

"కుక్కను నా గార్డు డబ్బల ఉన్న పెట్టెల ఎయ్యాలమ్మా. గది రూలు."

"మంచిది. నన్ను సుత అండ్లనే ఎయ్యిండ్రి" అంది స్వరూప.

గార్డు బుర్ర గోక్కుని ఆమె పాసు అడిగాడు. ఆ పాసు మీద తోడు వచ్చే మనిషికి కూడా రాయితీ ఉంటుంది. ఆయన పాసు చూసి, నన్ను చూసి, కుక్కను చూశాడు. "గీ ఇద్దర్ల తోడెవరు?"

స్వరూప కిందికి చెయ్యి చాపి జొన్నమ్మ తల తడిమింది. "తోడు గిది. ఆమె నా దోస్తు."

గార్డుకు నవ్వాగలేదు. తన డబ్బా పక్కనే ఉన్న వికలాంగుల బోగీలో కూర్చోమన్నాడు. మొరిగితే మాత్రం కాజీపేటలో దించేస్తానన్నాడు. స్వరూపకూ జొన్నమ్మకూ అలా దారి దొరికింది. పూర్తి టికెట్ కొనుక్కోవలసి వచ్చింది నాకొక్కదానికే.

బోగీలో నేను కిటికీ మూలకు ఒదిగి కూర్చుని కాళ్లు పైకి ముడుచుకున్నాను. రఘునాథపల్లి దాటాక నడుము పట్టేసి కాళ్లు దించాను. అంతే, జొన్నమ్మ వచ్చి నా కుడి పాదం మీద గడ్డం ఆనించి నిద్రపోయింది. కదిపితే కరుస్తుందేమోనని కదపలేదు. కాజీపేటలో సీతాఫలాలు డజను ఇరవై రూపాయలకే అమ్ముతున్నారు, లేచి కొనలేదు. వరంగల్‌లో చాయ్ వచ్చింది, చెయ్యి చాపలేదు. నెక్కొండ దాటేసరికి కాలు పూర్తిగా తిమ్మిరెక్కింది. విచిత్రం ఏమిటంటే, దాని ఊపిరి పాదానికి వెచ్చగా తగులుతుంటే నాకు కూడా కునుకు పట్టింది.

మానుకోట, తండా

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటాం. కాళేశ్వరానికి అది దారి కాదు. దారి తప్పించింది కమ్లి కోసం. కమ్లి అక్కడి ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. పన్నెండేళ్లుగా రోజూ పొద్దున "హలో మానుకోట", "హలో జనగామ" అనుకోవడమే తప్ప ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు.

ప్లాట్‌ఫాం మీద ఇంత గోలలో ఎలా కనుక్కుంటారా అని నేను పరేషాన్ అవుతుంటే, ఎవరో ఆడమనిషి సమోసాల వాడితో తగువు పడే గొంతు వినిపించింది. స్వరూప అటు తిరిగి "మానుకోట!" అని కేక పెట్టింది. ఆ మనిషి సమోసా అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, ముందు నవ్వి, తర్వాత తాడునూ కుక్కనూ స్వరూప కళ్లనూ చూసి నిలబడిపోయింది.

"నీకు కండ్లు కనవడయా? పన్నెండేండ్ల సంది ఒక్కపారన్న చెప్పకపోతివి!"

"నువ్వడగలే. ఫోన్ల కండ్లతోని పనేముంది?" అంది స్వరూప.

కమ్లి వాళ్ల తండా ఊరికి ఆటోలో అరగంట దూరం. ఇంటి ముందు దిగగానే కమ్లి వాళ్లమ్మ వచ్చి స్వరూప మెడ చుట్టూ చేతులు వేసి, భుజం మీద తల పెట్టి, రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. పక్కింటి ఆడవాళ్లిద్దరు కూడా వచ్చి కలిశారు. ఎవరో పోయిన ఇంటికి సీతాఫలాలు కూడా లేకుండా వచ్చామనుకుని నేను కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కాను. కమ్లి నా వైపు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. కావలసిన మనిషి చాన్నాళ్లకు ఇంటికొస్తే వాళ్లు అలా ఏడ్చి పలకరిస్తారట. ఆ రాగంలో ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడుగుతారట. మా ఇళ్లలో చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చి ఊరుకుంటాం. ఇలా అడిగించుకుంటే ఎవరు రాకుండా ఉంటారు?

ఆ తల్లి మా కోసం కోడిని పట్టుకోబోయింది. కార్తీకమని నేనే వద్దన్నాను. ఆ మాట నోట్లోంచి జారిన మరుక్షణం నుంచి ఇప్పటిదాకా బాధపడుతూనే ఉన్నాను. జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు, గడ్డపెరుగు పెట్టింది. మొదటి రొట్టె మాత్రం విరిచి జొన్నమ్మకే వేసింది. తమ భాషలో ఏదో అంటుంటే కమ్లి మాకు చెప్పింది: "మా యాడి ఏమంటున్నదంటే, మీరిద్దరు కూసొని వచ్చిండ్రంట, పని చేసుకుంట వచ్చింది గిదొక్కతేనంట."

తండా కుక్కలు ఆరేడు చుట్టూ చేరి ఇల్లెగిరిపోయేలా మొరిగాయి. జొన్నమ్మ చెవి కూడా కదపలేదు.

పొద్దున మేం లేచేసరికి కమ్లి వాళ్లమ్మ తన పాత రవికె ముక్కలతో ఒక పట్టీ కుట్టేసింది. ఎర్రగుడ్డ మీద అద్దాలు, అంచుకు గవ్వలు. జొన్నమ్మ ఛాతీ చుట్టూ, వీపు మీదుగా కట్టి, తాడును దానికి ముడేసింది. "ఉత్త మెడతాడుంటె ఊరకుక్క అనుకుంటరు. గిది కట్టుకుంటె డ్యూటీల ఉన్నదని ఎరుకైతది" అని కమ్లి చేత చెప్పించింది. పట్టీ కట్టగానే జొన్నమ్మ నడక మారింది. నాకలా అనిపించిందో, నిజంగా మారిందో తెలియదు.

భూపాలపల్లి, రోడ్డు మీద

ట్రాక్స్ జీపులో నర్సంపేట, ములుగు మీదుగా వెళ్లాం. భూపాలపల్లిలో అడుగు పెట్టగానే బండి ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. వంటావార్పు నడుస్తోంది. ఈ మాట తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: రాష్ట్రం కావాలని జనం రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని, బండ్లను ఆపేస్తారు. అందులో తిట్లు ఉండవు, రాళ్లు ఉండవు. ఆగినవాళ్లు కూడా పనిలో దిగాల్సిందే. ముఖ్యమైన కట్టుబాటు ఒకటుంది. గిన్నె దిగేదాకా ఎవరినీ లేపకూడదు. గిన్నె దిగాక వచ్చినవాళ్లెవరైనా తినకుండా పోకూడదు. లేపడానికి వచ్చిన పోలీసులు కూడా ఒక పక్కన కూర్చుని విస్తళ్లు తుడుచుకుంటున్నారు.

నేను గొణుక్కుంటూ దిగాను. రెండు నిమిషాల్లో నా చేతిలో కత్తిపీట ఉంది, ముందు వంకాయల కుప్ప ఉంది. స్వరూపకు చింతపండు పిసికే పని ఇచ్చారు. జొన్నమ్మ పొయ్యి అంచుకు రెండు మూరల దూరంలో ఆగి కూర్చుంది. దానికది అంచే కదా.

పెద్ద గరిటెతో పప్పుచారు తిప్పుతున్నాయన పేరు సమ్మయ్య. బొగ్గుబాయిలో కార్మికుడు. కుక్క ఏం చేస్తుందో స్వరూప చెబుతుంటే గరిటె ఆపి విన్నాడు.

"నాకెరుకేనమ్మా. బాయిల ఒక్కొక్కసారి నెత్తి మీద లైటు పోతది. చెయ్యి ముంగట పెట్టుకుంటె చెయ్యి కనవడది. అప్పుడు బొగ్గు టబ్బులు నడిచే ఇనుప పట్టా మీద ఒక కాలు పెట్టి, పట్టా ఎంబడే నడుచుకుంట బయటికొస్తం. ఎవరన్న చెయ్యి పట్టి గుంజితె ఇంక ఆగమైతం. నీకు గీ కుక్క పట్టా అసొంటిది."

స్వరూప చింతపండు గిన్నె వదిలి జొన్నమ్మ తాడు తడుముకుంది. పదేళ్లు చెయ్యి పట్టి నడిపించింది నేనే. గుంజానేమో, నాకు తెలియదు.

తిన్నాక దారి వదిలారు. మర్నాటి పొద్దున స్నానానికి సమ్మయ్య ప్రయాణం కూడా కాళేశ్వరానికే కాబట్టి మా జీపులోనే ఎక్కాడు. కాటారం దాటాక అడవి మొదలైంది. టేకుచెట్ల నీడ, మధ్యమధ్య ఎండ. స్వరూప ముఖం బయటికి పెట్టి "గిప్పుడు నీడ, గిప్పుడు ఎండ" అని చెబుతూ వచ్చింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

కాళేశ్వరం, గేటు బయట

మా ఉద్యోగుల సంఘం అక్కడ ఒక విడిది ఇల్లు కట్టించింది. ఆరు గదులు, అందరికీ కలిపి ఒక వంటగది, ఒక పొడుగాటి వరండా. కాళేశ్వరంలో స్నానాలకు వచ్చే ఉద్యోగుల కుటుంబాలు అందులో దిగుతాయి. చూసుకునే మనిషి పేరు రాజలింగం. గేటు పక్కన తన చేత్తో రంగులేసి రాసిన బోర్డు ఉంది. పదకొండు రూళ్లు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఏడో రూలు: "కోళ్లు, మేకలు, కుక్కలు లోపలికి తేరాదు."

రాజలింగం మా కాగితం చూశాడు, ముద్ర చూశాడు, గది తాళం కూడా తీశాడు. అప్పుడు జొన్నమ్మ నా వెనక నుంచి ముందుకొచ్చింది. ఆయన మూడడుగులు వెనక్కి వేశాడు. ఆ అడుగులు నాకు బాగా తెలుసు. నేనూ అలాగే వేస్తాను.

"కుక్క రాదు. ఏడో రూలు."

"గిది సాదుకునే కుక్క గాదన్నా, నన్ను నడిపిచ్చే కుక్క" అంది స్వరూప.

"ఏ కుక్కయినా కుక్కేనక్కా. పోయిన జాతరకు ఒకల మేక రెండు మెత్తలు చింపి దూది తిన్నది. దుప్పట్ల అలమారల కోడి గుడ్లు పెట్టింది. ఒకల కుక్క నన్నే కరిచింది, సూదులు పొడిపిచ్చుకున్న. గందుకే రాసిన గా రూలు. మీరు లోపల ఉండుండ్రి, దాన్ని బయట కట్టేయుండ్రి."

నాకు ఆయన మీద కోపం రాలేదు. జాలి వేసింది. అందుకే తప్పు మాట నేనే అన్నాను. "పోనీ స్వరూపా, కుక్కను జీపాయన దగ్గర వదులుదాం. రేపొద్దున రేవుకు నా చెయ్యి పట్టుకుని వద్దువు గాని. ఒక్క పూటే కదా."

స్వరూప ముఖం ముడుచుకుపోయింది. "పదేండ్లు నీ చెయ్యే పట్టుకున్న అక్కా. నీ రుణం తీరది. గని నేను గింత దూరం వచ్చింది మల్ల నీ చెయ్యి పట్టుకొనీకె గాదు. గీ కుక్కతోని నడిచి నీళ్లల్లకు పోకుంటె, పోయినసారి వచ్చినట్టే వచ్చి పోయినట్టు."

అని గేటు పక్కన మట్టిలో కూర్చుంది. జొన్నమ్మ పక్కన కూర్చుంది. నేనేం చేయను? నా చీర కొత్తది, అయినా నేను కూడా కూర్చున్నాను. నాకూ కుక్కకూ మధ్య జానెడు జాగా కూడా లేదు.

అదే గేటు, పొయ్యి మీద గిన్నె

సమ్మయ్య సంచీ ఓ పక్కన పెట్టి, చుట్టూ చూసి, మూడు రాళ్లు తెచ్చి గేటు ముందు పెట్టాడు. "ఏంజేస్తున్నవ్?" అని రాజలింగం లోపల్నుంచి అరిచాడు.

"వంటావార్పు" అన్నాడు సమ్మయ్య.

"గేటు ముంగట పొయ్యి పెట్టద్దు! రూలున్నది!"

"ఎన్నో రూలు?"

రాజలింగం బోర్డు దగ్గరికి వచ్చి పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ చదివాడు. లేదు. పన్నెండోది రాయాలన్నా గిన్నె పొయ్యి మీదికి ఎక్కేసింది. పైగా ఆయన జేబుకు ఉద్యమం నడిపే జేఏసీ బిళ్ల ఉంది. వంటావార్పును లేపేయడం ఆయన వల్ల అయ్యే పని కాదు, ఆయన కూడా ఎన్నింటిలో కూర్చున్నాడో.

గిన్నె ఇచ్చింది లోపల రెండో గదిలో దిగిన విమల. హుజూరాబాద్ టీచరమ్మ. ఆమె నాలుగేళ్ల పాప మాత్రం తల్లి కొంగులో దాక్కుని కుక్కను చూసి వణుకుతోంది. బియ్యం ఒక గదిలోంచి వచ్చాయి, టమాటాలు ఇంకో గదిలోంచి. ఎందుకు వండుతున్నారో తెలియకుండానే కొందరు వచ్చి కట్టెలు ఎగదోశారు. సమ్మయ్య ఊరుకోక "జొన్నమ్మ జేఏసీ జిందాబాద్" అన్నాడు. అందరూ నవ్వుతూ అందుకున్నారు. రాజలింగం వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు. వాసన అక్కడి దాకా వెళ్తోంది.

పొద్దు ఇంకా గుంకలేదు, గిన్నె దిగింది. స్వరూప ఒక విస్తరిలో అన్నం పెట్టించి, చారు పోయించి, తాడు పట్టుకుని లేచింది. జొన్నమ్మ ఆమెను గేటు దాకా తీసుకెళ్లి, గడప అంచున ఆగింది. లోపలికి కాలు పెట్టలేదు.

"రాజలింగమన్నా, తిను. గిన్నె దిగినంక తినకుంట పోవద్దు గద."

ఆయన వచ్చి గేటుకు ఆవలి పక్కన నిలబడ్డాడు. విస్తరి మాత్రం అందుకోలేదు.

"ఒక్క ముచ్చట అడుగుత" అంది స్వరూప. "గా బిళ్ల పెట్టుకొని ఏం అడుగుతున్నవన్నా రోడ్ల మీద?"

"ఏమడుగుత? మమ్మల్ని మేమే నడుపుకుంటమని."

"నేను గూడ గదే అడుగుతున్న."

రాజలింగం విస్తరి తీసుకుని, గేటుకు ఆ పక్కనే కింద కూర్చుని, నాలుగు ముద్దలు తిన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "నాకు భయమక్కా. రూలు గాదు, భయం."

అప్పుడు నా గొంతు నాకే వినిపించింది. "నాకూ భయమే తమ్ముడూ. జనగామ నుంచి మానుకోట దాకా నా కాలు మీద పడుకుంది. కాలు తిమ్మిరెక్కింది కానీ ఊడిపోలేదు." అని, జీవితంలో మొదటిసారి, ఒక కుక్క వీపు మీద చెయ్యి వేశాను. గవ్వలు చల్లగా తగిలాయి. అది కదల్లేదు, నేనూ చెయ్యి తీయలేదు.

"రూలు మార్చాలంటే తీర్మానం గావాలె" అన్నాడు రాజలింగం, చెయ్యి కడుక్కుంటూ. ఈ ఉద్యమం రోజుల్లో మా వైపు తీర్మానం లేకుండా చెట్టు మీది ఆకు కూడా రాలడం లేదు. ఉన్నవాళ్లందరం గేటు ముందు గుండ్రంగా కూర్చున్నాం. తలా ఒక మాట. వంటగదిలోకి రాకూడదని పక్క గది పెద్దమ్మ అంది. మంచం ఎక్కకూడదు, తన గోనెసంచి మీదే పడుకోవాలని ఇంకొకరు. దాని తిండి పెరట్లో, దాని వెనక శుభ్రం చేసే పని స్వరూపది. విమల అడిగింది ఒక్కటే, వరండాలో ఎప్పుడూ గోడ వారగానే నడవాలని, పాప రెండో పక్కన ఉంటుందని. స్వరూప తన వైపు నుంచి ఒకటి చేర్చింది: పట్టీ కట్టి ఉన్నంతసేపు దాన్ని ఎవరూ పిలవొద్దు, ఏమీ పెట్టొద్దు, అప్పుడది పనిలో ఉంటుంది. "పట్టీ ఇప్పినంక ఆడుకోవచ్చు" అనగానే పాప తల కొంగులోంచి సగం బయటికి వచ్చింది.

చివరి మాట రాజలింగానిది. "మొరగద్దు. మొరిగిందా, నా పానం పోతది."

"పుట్టినకాడికెళ్లి మొరగలేదన్నా" అంది స్వరూప.

ఆయన లోపలికి వెళ్లి రంగు డబ్బా, కుంచె తెచ్చాడు. ఏడో రూలు చివర కాస్త జాగా ఉంది. చిన్న అక్షరాల్లో, అంతే ముత్యాల్లా, "మనిషిని నడిపించే కుక్కకు వర్తించదు. పన్నెండో రూలు చూడుడి" అని రాశాడు. పన్నెండోది రాసేసరికి బోర్డు అడుగంటింది. రంగు ఆరకముందే జొన్నమ్మ లోపలికి నడిచింది, గోడ వారగా.

రేవు

తెల్లారి స్నానాలకు జనం ఇంకా పలుచగానే ఉన్నారు. కాళేశ్వరం రేవు దగ్గరే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. నీళ్లమీద అక్కడక్కడా దొప్పల్లో దీపాలు. నేను స్వరూప వెనక పదడుగుల దూరంలో నడిచాను, చేతులు వెనక్కి కట్టుకుని. కట్టుకోకపోతే అవే ముందుకు పోతాయి.

సమ్మయ్య ముందే దిగి, నడుంలోతులో నిలబడి, కాలితో తడిమి చూసి, అంత దూరం నేల చదునుగానే ఉందని చెప్పాడు. చెప్పి పక్కకు తప్పుకున్నాడు. వెనక మెట్ల మీద రాజలింగం ఉన్నాడు. తాళాల గుత్తి కూడా పక్కన పెట్టకుండా వచ్చాడు.

జొన్నమ్మ ప్రతి మెట్టుకూ ఆగింది, స్వరూప కాలితో వెతికి దిగింది. చివరి మెట్టు దగ్గర నీళ్లు అంచును తాకుతున్నాయి. అక్కడ జొన్నమ్మ ఆగిపోయింది. స్వరూప అడుగు వేయబోతే అడ్డంగా నిలబడింది. మల్లయ్య తాత నేర్పిన పాఠం అదొక్కటే కదా, అంచు వస్తే ఆగాలి. ఇది దానికి తెలిసిన అంచుల్లోకెల్లా పెద్దది.

స్వరూప వంగి పట్టీ ముడి విప్పింది. అద్దాల పట్టీని మెట్టు మీద పెట్టి, దాని తల నిమిరింది. "నీ డ్యూటీ గింతే జొన్నా. ఇంక నాది."

నీళ్లలోకి దిగింది. చీలమండలు, మోకాళ్లు, నడుము. చేతులు రెండూ గాలిలోకి చాచి ఉన్నాయి, ఎవరూ పట్టుకోని చేతులు. ముక్కు మూసుకుని మునిగింది. లేచి నవ్వింది. మళ్లీ మునిగింది. ఆ నవ్వు రేవంతా వినబడింది. నేను ఏడ్చాను. కమ్లి వాళ్లమ్మలా రాగం రాదు కాబట్టి ఊరికే ఏడ్చాను.

మూడోసారి లేచి చుట్టూ తిరిగింది. తిరిగి, ఆగింది. ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ మెడ అటూ ఇటూ కదులుతోంది. మాకర్థమైంది. ఒడ్డు ఏ పక్కనుందో ఆమెకు తెలియడం లేదు. ఒక అడుగు వేసింది, లోతు వైపు. సమ్మయ్య చెయ్యి చాపబోయి ఆపుకున్నాడు. నా నోరు తెరుచుకుంది. నేను పిలిచి ఉంటే ఆమె నా గొంతు పట్టుకుని వచ్చేది.

నాకంటే ముందు జొన్నమ్మ మొరిగింది.

ముందు బొంగురుగా, ఎన్నడూ వాడని తలుపు తీసినట్టు. తర్వాత గట్టిగా. ఆగకుండా. ముందుకాళ్లు అంచు మీద పెట్టి, ఒళ్లంతా ఊగిపోతూ మొరిగింది. స్వరూప ఉలిక్కిపడి ఇటు తిరిగింది. అంతకుముందు ఎన్నడూ వినని ఆ గొంతు జొన్నమ్మదేనని ఎవరూ చెప్పకుండానే పోల్చుకుంది. సూటిగా దాని వైపు నడిచింది. నడుము, మోకాళ్లు, చీలమండలు. మెట్టు కాలికి తగిలింది. ఎవ్వరి చెయ్యీ పట్టుకోకుండానే పైకి వచ్చింది.

నేను భయంగా వెనక్కి చూశాను. రాజలింగం మెట్టు మీద లేచి నిలబడి ఉన్నాడు. ముఖం తెల్లగా పాలిపోయింది, తాళాల గుత్తిని గుండెకు అదుముకున్నాడు.

"మొరుగుతున్నది తమ్ముడూ" అన్నాను, ఏమనాలో తోచక.

"మొరగనియ్యక్కా" అన్నాడు ఆయన కళ్లు తుడుచుకుంటూ. "నేను రాసిన రూలు గేటు లోపటికే."